వాన పడింది సరే, మోటారు ఎప్పుడు వేయాలి?

కరువు కాలంలో ఒక మంచి వాన పడగానే రెండు ఆశలు చిగురిస్తాయి. ఒకటి, ఎండుముఖం పట్టిన పైరు నిలదొక్కుకుంటుందని. రెండోది, అడుగంటిన బోర్లు, బావులు కోలుకుంటాయని. మొదటి ఆశకు గట్టి ఆధారమే ఉంది. రెండోదానికి ఒక్క వాన ఏ మూలకూ చాలదు. అయినా వాన పడిన వారంలో నీటి వాడకం మీద పట్టు సడలేది ఈ రెండో ఆశ వల్లే. కట్టడి ఎత్తేయమని ఒత్తిడి వస్తుంది, కొత్తగా నార్లు పోస్తారు, ఊళ్లో కుళాయిలు ఎక్కువసేపు వదులుతారు. కరువులో వచ్చిన వానను ఎంత సంబరంగా ఆహ్వానించినా తక్కువే. ఆ సంబరం నాలుగు కాలాలు నిలవాలంటే వాన ఎంత నీరు తెచ్చింది, అది ఎటెటు పోయింది, మోటారు మళ్లీ ఎప్పుడు వేయాలి అన్న లెక్కలు ఆ వారంలోనే తేలాలి.

వానను మిల్లీమీటర్లలో చెబితే చాలామందికి పరిమాణం అందదు కానీ లెక్క తేలికే. చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు వాన అంటే 1 లీటరు. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎకరం మీద 1 మి.మీ. అంటే సుమారు 4,000 లీటర్లు. 50 మి.మీ. వాన, అంటే రెండు అంగుళాలది, ఒక్కో ఎకరం మీద 2 లక్షల లీటర్లు కుమ్మరిస్తుంది. భారత వాతావరణ శాఖ 24 గంటల్లో 2.5 మి.మీ. పడితే దాన్ని వాన రోజుగా లెక్కిస్తుంది, 64.5 మి.మీ. దాటితేనే భారీ వర్షం అంటుంది. అందుకే ‘ఈ నెలలో ఇన్ని రోజులు వాన పడింది’ అన్న మాటతో నీటి లెక్క తేలదు, ఎన్ని మిల్లీమీటర్లో తెలియాలి. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పున్న ఏ డబ్బా అయినా వానమాపకమే. చెట్టుకు గానీ గోడకు గానీ వాటి ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో, ఆరుబయట కదలకుండా నిలబెట్టి, రోజూ ఉదయం ఒకే వేళకు స్కేలు ముంచి చూస్తే చాలు. కొలిచాక ఖాళీ చేయడం మరవకూడదు. రెండు రోజుల నీరు కలిసిపోతే ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

రెండు లక్షల లీటర్లు ఎటు పోతాయి

నెలల తరబడి ఎండిన నేల నీటిని గటగటా తాగేస్తుందని అనుకుంటాం. ఎర్రనేలల్లో తరచూ దీనికి విరుద్ధంగా జరుగుతుంది. పెద్ద చినుకుల దెబ్బకు పైమట్టి రేణువులు చెదిరి సన్నని రంధ్రాలను పూడ్చేస్తాయి. ఆ పొర ఆరాక గట్టిగా పెంకు కడుతుంది. తరువాతి వాన ఆ పెంకు మీద పడి జారిపోతుంది. ఇసుక ఎక్కువగా ఉన్న దుబ్బ నేల గంటకు 30 మి.మీ.కు పైగా నీరు పీల్చుకోగలదు. మధ్యరకం గరప నేలలు 10 నుంచి 20 మి.మీ., బంక నేలలు 1 నుంచి 5 మి.మీ. మాత్రమే పీల్చుకుంటాయి. అంటే 40 మి.మీ. వాన ఆరు గంటలు నిదానంగా కురిస్తే గరప నేల దాదాపు మొత్తం దాచుకుంటుంది. అదే వాన గంటలో దంచికొడితే సగానికి పైగా వాగు పాలవుతుంది. నల్లరేగడి తీరు మరొకటి. నెర్రెలు విచ్చిన నేలలో మొదటి జల్లు నీరు నేరుగా లోతుకు దిగుతుంది. మట్టి తడిసి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక మాత్రం ఆ దారి బంద్.

నేలలోకి దిగిన నీరు వెంటనే భూగర్భ జలంలో కలవదు. ముందు నేల తన దాహం తీర్చుకుంటుంది. ఇసుక కలిసిన గరప నేల మీటరు లోతులో పైరుకు అందే నీటిని సుమారు 100 నుంచి 120 మి.మీ. పట్టి ఉంచగలదు, బరువు నేల 170 నుంచి 200 మి.మీ. దాకా. కరువులో ఈ నిల్వ దాదాపు ఖాళీ. ఆ స్థితిలో 40 మి.మీ. నీరు ఇంకితే అది పై 35–40 సెంటీమీటర్లను నింపి అక్కడే ఆగిపోతుంది. పై పొర నిండితేనే నీరు కింది పొరకు దిగుతుంది. అందువల్ల చాలా పొలాల్లో తొలి వాన నుంచి బోరుకు చేరేది సున్నా. ఆ దశలో ఏదైనా చేరితే వాగు అడుగున, చెరువు మడుగులో, రాళ్ల పగుళ్ల దగ్గర మాత్రమే.

మొత్తం వానాకాలానికి లెక్క కట్టినా వాటా చిన్నదే. భారత భూగర్భ జల అంచనా కమిటీ 1997లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం బంకమన్ను తక్కువగా ఉన్న శిథిల గ్రానైట్ (పగిలి మెత్తబడిన రాయి) ప్రాంతాల్లో వర్షంలో 11 శాతం, బంకమన్ను ఎక్కువైతే 8 శాతం, పగుళ్లు అంతగా లేని రాతి నేలల్లో 1 శాతం భూగర్భ జలంగా మారుతుంది. గంగా మైదానం లాంటి ఒండ్రు నేలల్లో ఇది 22 శాతం. ఇవన్నీ కాలం మొత్తానికి సగటులు. కరువు తర్వాత వచ్చే మొదటి వానకు వీటిని వర్తింపజేస్తే ఆ వానను మరీ ఎక్కువగా అంచనా కట్టినట్టే.

ఉదారంగా 10 శాతం వేసుకుందాం. 50 మి.మీ. వాన నుంచి 5 మి.మీ. కిందికి చేరుతుంది. ఎకరానికి 20,000 లీటర్లు. గట్టి రాతి శిథిల పొరలో నీరు నిలిచే ఖాళీ, అంటే తోడినప్పుడు మనకు దక్కేది, ఘనపరిమాణంలో 1.5 నుంచి 3 శాతమే. 2 శాతం అనుకుంటే ఆ 5 మి.మీ.కు నీటి మట్టం 25 సెంటీమీటర్లు పెరుగుతుంది. గంటకు 8,000 లీటర్లు పోసే మోటారుకు ఆ 20,000 లీటర్లు రెండున్నర గంటల పని. ఖాళీ ఇంత తక్కువ కాబట్టే రాతి నేలల్లో మట్టం చకచకా పెరిగినట్టు కనిపిస్తుంది, అంతే వేగంగా పడిపోతుంది.

వాన ఇచ్చే పెద్ద కానుక మోటారుకు సెలవు

వాన విలువ ఇంత తక్కువా అనిపించవచ్చు. కాదు, దాని అసలు విలువ వేరేచోట ఉంది. ఏపుగా ఉన్న ఆరుతడి పైరు, అంటే నీరు నిలపకుండా విడతలుగా తడి ఇచ్చేది, రోజుకు 4–5 మి.మీ. నీరు వాడుకుంటుంది. వేళ్ల మట్టంలో 40 మి.మీ. పదును చేరితే ఎనిమిది నుంచి పది రోజులు తడి ఇవ్వాల్సిన పనిలేదు. బోరు కింద ఉన్న ఒక్కో ఎకరంలో ఆ రోజుల్లో తోడకుండా మిగిలేది 1.6 లక్షల లీటర్లు. అదే వాన ఎకరానికి కిందికి చేర్చిన దానికి ఎనిమిది రెట్లు. కాలువల ద్వారా పారించే పొలాల్లో దారిలో ఇంకి, ఆవిరై పోయేది కూడా కలిసి వస్తుంది కాబట్టి మిగులు ఇంకా ఎక్కువ.

ఊరి మొత్తానికి చూసినా ఇదే తేలుతుంది. 1,000 ఎకరాల ఊళ్లో 200 ఎకరాలు బోర్ల కింద ఉన్నాయనుకుందాం. 50 మి.మీ. వాన వల్ల భూగర్భంలో చేరేది, 10 శాతం లెక్కన, 2 కోట్ల లీటర్లు. ఆ 200 ఎకరాలకు ఎనిమిది రోజులు మోటార్లు ఆపితే మిగిలేది 3.2 కోట్ల లీటర్లు. మొదటిది నేల, రాయి, వాన తీరు నిర్ణయిస్తాయి. రెండోది పూర్తిగా మనుషుల చేతిలో ఉంది. ఇంకుడు గుంతల మీద పెట్టే శ్రద్ధలో సగం ఈ ఎనిమిది రోజుల మీద పెట్టినా ఫలితం ఎక్కువే ఉంటుంది. అయినా దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మోటారు ఆపడానికి శంకుస్థాపన ఉండదు కదా.

ఈ సెలవును పాడుచేసే వాటిలో మొదటిది ఆటో స్టార్టర్. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. వాన పడుతున్నా తిరుగుతుంది, అప్పటికే నిండిన మడిలో మళ్లీ పోస్తుంది. వాన పడిన రాత్రే స్విచ్ దింపేయడం ఒక్కటే దీనికి మందు. తడిసిన నేలకు మళ్లీ తడి ఇస్తే నీరే కాదు, నత్రజని కూడా వేళ్లకు అందని లోతుకు కొట్టుకుపోతుంది. వేళ్లకు గాలి ఆడదు, కుళ్లు తెగుళ్లు చేరతాయి. పైరు పసుపు రంగుకు తిరిగితే ఎరువు చాలలేదని మళ్లీ యూరియా వేస్తారు. తప్పు తడిలో ఉంటే ఖర్చు సంచిలో పడుతుంది.

మోటారు మళ్లీ ఎప్పుడు వేయాలో పార తెలుపుతుంది. పైమట్టి ఎండినట్టు కనిపించడం కొలమానం కాదు. ఎండ తగిలితే రెండు రోజుల్లోనే పై రెండు అంగుళాలు పొడి అవుతాయి. పొలంలో మూడు నాలుగు చోట్ల, గట్టుకు దూరంగా, జానెడు లోతులోనూ మూరెడు లోతులోనూ మట్టి తీసి పిడికిట్లో నొక్కాలి. గరప నేలలో ముద్ద కట్టి, వేలితో తట్టినా విడిపోకుండా, అరచేతికి తడి అంటితే ఇంకా పుష్కలంగా పదును ఉన్నట్టు. ముద్ద కట్టినా తట్టగానే పగిలిపోతే పైరుకు అందే నీటిలో సగం అయిపోయినట్టు, చాలా పంటలకు తడి ఇవ్వాల్సిన సమయం అదే. ముద్దే కట్టకపోతే ఆలస్యమైంది. నేల ఎంత పొడిబారిందో చూపే టెన్షియోమీటరు ఉన్నవాళ్లు తేలిక నేలల్లో 25–30 సెంటీబార్లు, బరువు నేలల్లో 50–60 చూపే దాకా ఆగవచ్చు. మధ్యాహ్నం ఆకు వాడి సాయంత్రానికి తేరుకుంటే కంగారు పడనక్కర్లేదు. ఉదయం కూడా వాడి ఉంటే ఆగకూడదు. పూత, కాయ ఊరే దశ, గింజ పాలుపోసుకునే దశ మినహాయింపులు. ఆ రోజుల్లో పొదుపు కోసం తడి ఆపితే దిగుబడి పోతుంది, అప్పటిదాకా పెట్టిన నీరంతా వృథా అవుతుంది.

ఆ పదునును నాలుగు రోజులు ఎక్కువ నిలపడం కూడా నీటిని సంపాదించడమే. వాన వెలిసి కాలు దిగబడని స్థితికి రాగానే వరసల మధ్య గుంటక తోలితే పెంకు పగులుతుంది, కలుపు పోతుంది, కింది తడి పైకి ఎగబాకే దారి తెగుతుంది. బురదగా ఉన్నప్పుడు తోలితే మాత్రం గడ్డలు కట్టి చెడుతుంది. చొప్ప, ఆకు, పొట్టు లాంటివి రెండు అంగుళాల మందాన పరిస్తే ఎండ నేరుగా మట్టికి తగలదు.

బోరు కోలుకున్నట్టు కనిపించడం వెనుక

వాన పడిన మూడో రోజుకు ‘మా బోరులో నీళ్లు పెరిగాయి’ అన్న మాట ప్రతి ఊళ్లో వినిపిస్తుంది. కొలిచి చూస్తే నిజంగానే మట్టం పైకి వచ్చి ఉంటుంది. దాన్ని రీఛార్జ్, అంటే కొత్త నీరు చేరడం, అనుకోవడంలోనే పొరపాటు ఉంది. బోరు తోడుతున్నంతసేపూ దాని చుట్టూ నీటి మట్టం గరాటు ఆకారంలో కుంగుతుంది. పక్కపక్క బోర్ల గరాటులు ఒకదానితో ఒకటి కలిసిపోయి మొత్తం ప్రాంతంలో మట్టం కిందికి జారుతుంది. వాన పడగానే చాలామంది మోటార్లు ఆపుతారు. చుట్టూ ఉన్న నీరు గరాటులోకి సర్దుకుంటుంది. కొత్త నీరు ఒక్క చుక్క చేరకపోయినా బోరులో మట్టం మీటర్ల కొద్దీ పైకి వస్తుంది. అది చూసి మోటార్లన్నీ ఒకేసారి వేస్తే వారం తిరక్కుండా నీళ్లు ఆగి ఆగి పోయడం మొదలవుతుంది. ‘వాన పడ్డా బోరు నిలబడలేదు’ అన్న నిరాశ అక్కడిదే.

బోరు గొట్టంలో కనిపించే నీరు కూడా కళ్లను మోసం చేస్తుంది. ఆరున్నర అంగుళాల బోరులో మీటరు ఎత్తు నీరంటే 21 లీటర్లే. పది మీటర్లు పెరిగినా గొట్టంలో చేరింది ఒక డ్రమ్ము నీరు. మిగతాదంతా చుట్టూ ఉన్న రాయి ఇవ్వాలి. ఊటబావిలో పరిస్థితి కొంత నయం: 6 మీటర్ల వెడల్పున్న బావిలో మీటరు పెరిగితే 28,000 లీటర్లు కంటి ముందే ఉంటాయి.

నిజమైన పెరుగుదలను పట్టుకోవాలంటే కొలత ఒకే పద్ధతిలో సాగాలి. కేసింగ్ పైపు (బోరు నోటి దగ్గర దించే గొట్టం) అంచు మీద ఒక గుర్తు పెట్టి ఎప్పుడూ అక్కడి నుంచే కొలవాలి. మోటారు కనీసం ఎనిమిది గంటలు ఆగి ఉన్నాక, తెల్లవారుజామున, పక్క బోర్లు కూడా మొదలుకాకముందు కొలవాలి. రెండు తీగల చివరలను టేపుకు కట్టి దించితే, నీరు తగలగానే పైన మీటరు ముల్లు కదిలే సాదా పరికరం దీనికి చాలు. సబ్‌మెర్సిబుల్ కేబులుకు, పైపుకు చుట్టుకోకుండా పక్కనే సన్నని ప్లాస్టిక్ గొట్టం దించి అందులోంచి కొలిస్తే టేపు ఇరుక్కోదు. వానకు ముందు ఇలా రెండు మూడు కొలతలు ఉంటేనే వాన తరువాతి కొలతకు అర్థం. మట్టంతో పాటు ఊట కూడా చూడాలి. 20 లీటర్ల బకెట్ 12 సెకన్లలో నిండితే గంటకు 6,000 లీటర్లు. మోటారు వేసిన మొదటి నిమిషంలో కాదు, గంట తిరిగాక పట్టిన బకెట్టే అసలు సంగతి చెబుతుంది. మొదట 12 సెకన్లు, గంట తిరిగాక 20 సెకన్లు పడితే బోరు ఇంకా కోలుకోలేదని అర్థం. ఆగి ఆగి పోస్తున్నా మోటారు నడిపితే లోపల చల్లబరిచే నీరు చాలక వైండింగ్ కాలిపోతుంది. నీరు తగ్గగానే ఆపేసే డ్రై రన్ ప్రివెంటర్ మోటారునూ కాపాడుతుంది, బోరునూ కాపాడుతుంది.

ఇంటి మీద పడే వాన

పొలంలో పదోవంతు కూడా దక్కని చోట ఇంటి కప్పు మీద పడిన దాంట్లో నాలుగింట మూడు వంతులకు పైగా పట్టుకోవచ్చు. 100 చదరపు మీటర్ల కాంక్రీటు కప్పు మీద 25 మి.మీ. పడితే, తడవడానికి, చిందడానికి పోయింది తీసేసినా 2,000 లీటర్లు మిగులుతాయి. మొదటి 1–2 మి.మీ. వానను, అంటే ఈ కప్పుకు 100 నుంచి 200 లీటర్లను, పక్కకు వదిలేయాలి. నెలల దుమ్ము, రెట్టలు, ఆకులు అందులోనే వస్తాయి. కరువు తర్వాతి మొదటి వానకు ఇది మరీ ముఖ్యం.

నిల్వ చేసే వీలుంటే తొట్టిలో, లేకపోతే ఇంకుడు గుంతలో వదలాలి. గుంత అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో కంకర, పైన ముతక ఇసుక. ఇసుక పైన ఉండటంలోనే కిటుకంతా. మట్టి ఇసుక మీద ఆగిపోతుంది కాబట్టి ఏటా వానలకు ముందు పై రెండు అంగుళాలు గీరి మార్చితే గుంత మళ్లీ పనిచేస్తుంది. ఇసుక లేకుండా రాళ్లే నింపిన గుంత రెండు మూడు వానలకే ఒండ్రుతో పూడిపోతుంది, అప్పుడు మొత్తం తవ్వి తీయాల్సిందే. సెప్టిక్ ట్యాంకుకు కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి. పొలం నుంచి గానీ వీధి నుంచి గానీ వచ్చే వరద నీటిని నేరుగా బోరు కేసింగులోకి వదలడం చాలా ప్రమాదం. నేల వడకట్టాల్సిన మురికి, పురుగుమందులు, క్రిములు ఒక్కసారిగా లోతు నీటిలో కలుస్తాయి. అలా చెడిన నీటిని మళ్లీ శుభ్రం చేయడం దాదాపు అసాధ్యం.

వాన పడిన రోజుల్లో తాగునీటి మీద ఇంకో కన్ను వేయాలి. సరఫరా రోజు విడిచి రోజు ఉన్న చోట పైపులు ఖాళీగా ఉన్నప్పుడు లోపల పీడనం ఉండదు. చుట్టూ నిలిచిన మురుగు సన్నని పగుళ్లలోంచి లోపలికి పీల్చుకుపోతుంది. తెల్లవారి వచ్చే మొదటి నీటిని పట్టకుండా కొద్దిసేపు వదలాలి, దాన్ని పారబోయకుండా మొక్కలకు వాడుకోవచ్చు. బావి నీటికి 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ సరిపోతుంది. దాన్ని చిన్న బకెట్‌లో నీటితో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే బావిలో పోసి, గంట ఆగి వాడాలి. లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. నీరు బురదగా ఉంటే క్లోరిన్ ఆ బురద మీదే ఖర్చైపోతుంది, ముందు తేరుకోనివ్వాలి. మూత తెరిచి ఏడాది నిల్వ ఉంచిన పౌడర్‌లో బలం ఉండదు.

ఇంట్లో పొదుపు అనగానే బకెట్లు, చెంబులు లెక్కపెడతారు కానీ ముందు చూడాల్సింది కారుతున్న చోటు. సెకనుకో చుక్క కారే కుళాయి రోజుకు 20–30 లీటర్లు పోగొడుతుంది. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో మట్టం గుర్తుపెట్టాలి, ఉదయం ఎవరూ వాడకముందు మళ్లీ చూడాలి. మీటరు వెడల్పున్న గుండ్రని ట్యాంకులో సెంటీమీటరు దిగితే దాదాపు 8 లీటర్లు పోయినట్టు. ఎక్కువసార్లు దొంగ మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులోని వాషరే. చప్పుడు లేకుండా కారుతుంది కాబట్టి అందులో కాస్త రంగు కలిపి పావుగంట ఆగి చూస్తే బయటపడుతుంది.

కట్టడి ఎప్పుడు సడలించాలి

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ ఈ విషయంలో మంచి పాఠం. 2018 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టారు. జలాశయాల నిల్వ 13.5 శాతానికి పడిపోతే కుళాయిలు కట్టేసి కేంద్రాల దగ్గర నీరు పంచాలని నిర్ణయించారు. ఆ ఏడాది శీతకాలంలో, అంటే అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా, మంచి వానలు పడ్డాయి. వాన పడగానే పరిమితి ఎత్తేయలేదు. జలాశయాలు సుమారు 70 శాతానికి చేరువయ్యాక, అక్టోబరు 1న, 70 లీటర్లకు పెంచారు. డిసెంబరులో 105 లీటర్లు చేశారు. సడలింపును వానతో కాకుండా నిల్వతో ముడిపెట్టారు, మెట్లు మెట్లుగా ఇచ్చారు.

చెన్నైలో 2015 చివర వరదలు ముంచెత్తాయి. 2019 వేసవికి పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు దాదాపు ఎండిపోయి, జులైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీరు తేవాల్సి వచ్చింది. నాలుగేళ్లలో రెండు కొసలూ చూసిన నగరం అది. వాన పడిన సంవత్సరాల్లో నిల్వ గురించి ఆలోచించకపోతే తరువాత ఆలోచించడానికి ఏమీ మిగలదు.

చెరువులకు, వాగులకు ఇంకో ఇబ్బంది ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1997 నుంచి 2009 దాకా సాగిన దీర్ఘ కరువు తర్వాత వానలు మామూలు స్థాయికి వచ్చినా, మూడోవంతుకు పైగా పరీవాహక ప్రాంతాల్లో వాగుల ప్రవాహం ఏళ్ల తరబడి పాత స్థాయికి రాలేదని 2021లో వెలువడిన పరిశోధన తేల్చింది. అదే వాన, తక్కువ ప్రవాహం. పాత అనుభవంతో ‘ఇంత వానకు చెరువు అలుగు పారాలి’ అని వేసే అంచనా దీర్ఘ కరువు తర్వాత తప్పవచ్చు. చేరిన నీరు కూడా కదలకుండా ఉండదు. రోజుకు 6 మి.మీ. ఆవిరయ్యే వేడిలో హెక్టారు నీటి పరపు నుంచి 60,000 లీటర్లు గాలిలో కలుస్తాయి. పల్చగా పరుచుకున్న నీరు ముందు పోతుంది, లోతుగా నిలిచింది మిగులుతుంది. అందుకే పూడిక తీసేటప్పుడు మడుగు అంతటా పల్చగా గీకడం కంటే తూము దగ్గర లోతు పెంచడం మేలు, గట్టు పునాదికి మాత్రం దూరంగా.

ఊరి స్థాయిలో వాడకాన్ని నిల్వతో ముడిపెట్టి చూపిన ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి. మహారాష్ట్రలోని హివ్రే బజార్‌లో ఏడాదికి 400 మి.మీ. చుట్టుపక్కల మాత్రమే వాన పడుతుంది. అక్కడ సాగుకు బోర్లు వేయకూడదని, చెరకు, అరటి లాంటి పంటలు పెట్టకూడదని గ్రామసభే కట్టుబాటు చేసుకుంది. ఏటా నీటి బడ్జెట్ వేసుకుని పంటలు నిర్ణయిస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో నడిచిన రైతుల భూగర్భ జల యాజమాన్య పథకంలో రైతులే వానమాపకాలు చదివి, బోర్లలో మట్టం కొలిచి, రబీకి ముందు పంటల వారీగా నీటి లెక్క కట్టారు. ఎవరూ ఎవరినీ నిర్బంధించలేదు, లెక్క అందరికీ కనిపించింది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం బోర్ల మధ్య దూరం గురించీ, అనుమతుల గురించీ నిబంధనలు పెట్టింది. చట్టం కొత్త బోరును ఆపగలదు. ఉన్న బోరు ఎన్ని గంటలు తిరగాలో చెప్పేది మాత్రం పక్క రైతుతో కుదిరే ఒప్పందమే.

గొట్టాలతో మొక్క మొదట్లో చుక్కలుగా నీరిచ్చే డ్రిప్ గురించి ఒక హెచ్చరిక అవసరం. ఎకరానికి వాడే నీటిని అది నిజంగానే తగ్గిస్తుంది. మిగిలిన నీటితో ఇంకో ఎకరం సాగులోకి తెస్తే బోరు నుంచి తోడేది తగ్గదు. పైగా పారుదలలో తిరిగి నేలలోకి ఇంకే భాగం కూడా ఉండదు కాబట్టి భూగర్భ జలం ఇంకా వేగంగా తరగవచ్చు. డ్రిప్‌తో పాటు విస్తీర్ణానికి హద్దు ఉంటేనే అది పొదుపు.

పైన చెప్పిన 1,000 ఎకరాల ఊరికే బడ్జెట్ వేసి చూద్దాం. కాలం మొత్తానికి 500 మి.మీ. వాన, 10 శాతం కిందికి చేరితే 20.2 కోట్ల లీటర్లు. 2,000 మంది జనాభాకు రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 4 కోట్లు. 500 పశువులకు 50 లీటర్ల చొప్పున దాదాపు 90 లక్షలు. మిగిలేది 15.3 కోట్లు. వరికి 1,200 మి.మీ. చొప్పున ఎకరానికి 48.5 లక్షల లీటర్లు కావాలి. అంటే 31 ఎకరాల వరికి సరిపోతుంది. మడి నుంచి కొంత నీరు తిరిగి ఇంకుతుంది కాబట్టి ఇంకొన్ని ఎకరాలు కలుపుకోవచ్చు. 500 మి.మీ. చాలే ఆరుతడి పంట అయితే 75 ఎకరాలు.

ఇప్పుడు కరువు ఏడాది. 300 మి.మీ. మాత్రమే పడింది. చేరేది 12.1 కోట్లు. జనం, పశువుల వాటా అంతే ఉంటుంది, 4.9 కోట్లు. పంటకు మిగిలేది 7.2 కోట్లు: వరి అయితే 15 ఎకరాలు, ఆరుతడి అయితే 35. వాన 40 శాతం తగ్గితే సాగునీరు సగానికి పైగా తగ్గింది, ఎందుకంటే తాగునీటి వాటాను కోయలేం. కరువు మధ్యలో ఒక మంచి 50 మి.మీ. వాన అదనంగా పడితే ఈ బడ్జెట్‌లో చేరేది, మొదట చూసినట్టు, మహా అయితే 2 కోట్లు. అది పది ఎకరాల ఆరుతడికి సరిపోతుంది, నాలుగెకరాల వరికి సరిగ్గా చాలుతుంది. బోర్ల కింద ఇప్పటికే 200 ఎకరాలున్న ఊళ్లో ఆ వానను చూసి కొత్తగా నారు పోయవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఈ అంకెల్లోనే ఉంది. ఉన్న పైరును ఆ పదునుతో గట్టెక్కించి, మట్టం రెండు వారాలు వరుసగా కొలిచి, మోటార్లు తిరుగుతున్నా అది దిగకుండా నిలిస్తే అప్పుడు రబీ విస్తీర్ణం గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు.